పేషెంట్ తాలూకు ఎవరండీ?

మా ఆఫీసు పోర్టల్లో అమ్మ పేరు మీద ఒక సెలవుంది. అమ్మ పోతే మూడు రోజులు ఇస్తారు. జీతం కోయరు, పైగా పూలగుత్తి బొమ్మతో సానుభూతి మెయిల్ వస్తుంది. అదే అమ్మ నిక్షేపంగా బతికుండి, మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, మంచం దిగడానికి మనిషి సాయం కావాలందనుకోండి, దానికి తగిన గడి పోర్టల్లో లేదు. తప్పు అమ్మదే. ఏ కేటగిరీలోకీ రాకుండా మధ్యలో ఆగింది.

మేనేజరు మంచివాడు. "సిక్ లీవ్ పెట్టేయ్ బ్రో" అన్నాడు. మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవు, మరో 12 రోజుల క్యాజువల్ ఇమ్మంటుంది. కాకపోతే జబ్బు ఉద్యోగికే రావాలి. కన్నతల్లి కోసం ఆమాత్రం జ్వరం తెచ్చుకోలేనా అని తెచ్చుకున్నాను. మూడో రోజు డాక్టరు సర్టిఫికెట్ అడిగారు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల దారి వేరు. పిల్లల్ని చూసుకోవడానికి సర్వీసు మొత్తంలో 730 రోజులు! ఆడవాళ్లకూ, ఒంటరి తండ్రులకూ మాత్రమే. పెళ్లాం ఉన్న మగవాడికి పిల్లల పనేమిటని సర్కారు వారి ధీమా. ముసలి తల్లిదండ్రులకు ఆ లెక్కలో చోటు లేదు, వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండిపోయాయి మరి.

అమెరికాలో 1993 నుంచీ ఒక చట్టముంది. అర్హత ఉన్నవాళ్లు దగ్గరి కుటుంబం కోసం ఏడాదిలో 12 వారాలు సెలవు పెట్టొచ్చు. ఉద్యోగం ఉంటుంది, జీతం ఉండాలన్న నియమం లేదు. అత్తమామలు దగ్గరి కుటుంబం కిందికి రారట. ఈ ముక్క మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మన ప్రభుత్వానికి అమ్మానాన్నల మీద ప్రేమ లేదనుకునేరు! 2007 చట్టం ప్రకారం వృద్ధులైన తల్లిదండ్రుల్ని గాలికి వదిలేస్తే మూణ్ణెల్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే వదిలేసినవాడికి మూణ్ణెల్లు, చూసుకునేవాడికి సున్నా. కనుక ప్రభుత్వం వారికి నా విన్నపం: ఆ మూణ్ణెల్లూ ముందే వేయండి, ఇంట్లోనే అమ్మ మంచం పక్కన అనుభవిస్తాను. వీలుంటే జరిమానా కూడా కడతాను, మా కంపెనీ కోసే జీతంతో పోలిస్తే అదే చవక.

చివరికి వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగి, ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీ మీద "హోమ్" పెట్టాను. ఒళ్లో లాప్‌టాప్, దాని మీద ఎక్స్‌రే కవరు, కాళ్ల దగ్గర ఫ్లాస్కు. అక్కడ పేషెంటు పక్కన ఇరవైనాలుగ్గంటలూ మనిషి ఉండాల్సిందే. లేకపోతే సిస్టర్ ఊరుకోదు.

క్లయింటు కాల్‌లో నా వంతు వచ్చింది. మ్యూట్ తీశాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

"బెడ్ నంబర్ పన్నెండు! పేషెంట్ తాలూకు ఎవరండీ? తాలూకూ!"

అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత అమెరికా ఆయన మర్యాదగా అడిగాడు: ఈ తాలూకు అనే ఆయన టీమ్‌లో కొత్తగా చేరారా, తర్వాతి మీటింగుకు ఆయన్నీ పిలవొచ్చా అని.