ఏనుగు ఆడటం లేదు

జూలో ఏనుగు నిలబడ్డచోటే తల అటూ ఇటూ ఊపుతూ, ముందరి కాలు ఎత్తి దించుతూ ఉంటే కంచె ఇవతల పిల్లలు చప్పట్లు కొడతారు, ఏనుగు ఆడుతోందని పెద్దలు చెబుతారు. అది ఆట కాదు. అడవిలో మందతో కలిసి, రోజులో అధిక భాగం మేత వెతుక్కుంటూ తిరిగే జీవికి తోడూ, పనీ లేకుండా చేసినప్పుడు పట్టే రుగ్మత.

2025 సెప్టెంబరు 17న ఢిల్లీ జూలో కన్నుమూసిన ఆఫ్రికా ఏనుగు శంకర్ ఈ దుస్థితికి సాక్ష్యం. జింబాబ్వే కానుకగా వచ్చిన ఆ ఏనుగు, తోడు చనిపోయాక ఏళ్ల తరబడి ఒంటరిగా గడిపింది. 2024 అక్టోబరులో ప్రపంచ జూల సంఘం ఢిల్లీ జూ సభ్యత్వాన్ని సస్పెండ్ చేశాకే దాని కాలి గొలుసులు ఊడాయి. మరో ఏడాదికి, 29 ఏళ్ల వయసులో, అదీ పోయింది.

ఏనుగులను జూలు, సర్కస్‌ల నుంచి అటవీ శాఖ ఏనుగు శిబిరాలకు, పునరావాస కేంద్రాలకు తరలించాలని కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లోనే ఆదేశించింది. ఆ తర్వాత కూడా హైదరాబాద్ సహా పలు నగరాల జూలలో ఏనుగులు ప్రదర్శనలోనే కొనసాగాయి. చేతకాని పనేమీ కాదిది: సింహాలు, పులులు, ఎలుగుబంట్లతో ఆడించడాన్ని నిషేధించిన 1998 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటనను సుప్రీంకోర్టు సమర్థించాక, సర్కస్ సింహాలకు విశాఖపట్నం, తిరుపతిలలోని సంరక్షణ కేంద్రాలు ఆశ్రయమిచ్చాయి. సింహానికి సాధ్యమైనది ఏనుగుకు ఎందుకు కాలేదో ప్రభుత్వాలే చెప్పాలి.

తరలింపు పూర్తయ్యేదాకా చేయవలసినవీ ఉన్నాయి. తిరుపతి జూ విస్తీర్ణం ఐదు వేల ఎకరాలకు పైమాటే అని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఎక్కడైనా ఏనుగుకు తగిలేది కాలికిందున్న నేల ఒక్కటే. దాని అరికాలిలో మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది. పేడా మూత్రాలతో తడిసిన కాంక్రీటు మీద గంటల తరబడి నిలబెడితే ఆ పాదం పగిలి, గోళ్ల మొదట్లో చీము పడుతుంది. మట్టి, ఇసుక పరిస్తే పాదం నిలుస్తుంది. ఇసుక దిబ్బ పోస్తే ఏనుగు ఒరిగి నిద్రపోతుంది. మేతను ఒక్కచోట కుప్ప పోయకుండా ఎత్తున వేలాడదీయాలి, ఆవరణ నిండా చల్లాలి. ఎలుగుకు చెదపుట్ట, కోతికి కొమ్మలు, చిరుతకు జనం కంటపడకుండా దాక్కునే చాటు కూడా ఇలాంటివే. చాటు ఇస్తే జంతువు కనబడదని సందర్శకులు సణుగుతారు, సణగనివ్వాలి.

ఆవరణ ముందు బోర్డుపై ఏనుగు బరువెంతో, ఎన్ని కిలోల మేత తింటుందో రాస్తారు. దాన్ని రోజుకు ఎన్ని గంటలు గొలుసుతో కట్టేస్తున్నారో కూడా ఆ బోర్డుపైనే రాయించాలని రెండు తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలను కోరుతున్నాం.