ఆ ఎనిమిది సెకన్లు కూర్చోలేకపోయారా?

రాత్రి పన్నెండున్నర దాటింది. నిద్ర పట్టట్లేదు కాబట్టి రాస్తున్నా. పేర్లు రాయను, చదివితే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

ఇవాళ టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో బుల్ రైడింగ్‌కి వెళ్లాం. ఎగిరి తన్నే గిత్త మీద మనిషి ఒంటి చేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు ఆగాలి, ముందే పడితే సున్నా. నా వ్యాన్‌లో ఏడుగురం. టికెట్లు నేనే బుక్ చేశా, పార్కింగ్ నేనే కట్టా, దారిలో పిల్లలు ఫ్రైస్ అంటే అవీ నేనే కొన్నా. రెండున్నర గంటలు చూశాం. ఆఖరి రౌండ్ వచ్చింది. అందులో ఉండేదే పన్నెండు మంది. పదకొండు మంది అయిపోయారు. మొదటి నుంచి స్కోర్లలో పైన ఉన్నవాడు ఒక్కడే మిగిలాడు. గిత్త మీద కూర్చుని, తాడుని చేతి చుట్టూ చుట్టి, పిడికిలి మీద రెండో చేత్తో గుద్దుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు మాతో వచ్చిన పెద్దమనిషి, మా సారు అందాం, లేచి, ప్యాంటు దులుపుకుని, "పదండి పదండి, జనమంతా ఒకేసారి బయటపడితే పార్కింగ్‌లోనే గంట పోతుంది" అన్నాడు.

ఆయన లేస్తే వాళ్లావిడ లేచింది. ఆవిడ వెనక పిల్లలు, పిల్లల వెనక మా ఆవిడ. వెనక వరసలో టోపీ పెట్టుకున్న ముసలాయన మా అందరి నడుముల మధ్య నుంచి మెడ చాపి చూడటానికి తంటాలు పడుతున్నాడు. వ్యాన్ తాళం నా జేబులో ఉంది. ఏం చేస్తాను, నేనూ లేచాను.

పార్కింగ్‌లో వ్యాన్ తలుపు తీస్తుంటే వినపడింది. అరుపు. కాంక్రీటు గోడలు దాటుకుని వచ్చింది. అంటే వాడు ఎనిమిది సెకన్లూ ఆగాడన్నమాట. మా సారు బెల్టు పెట్టుకుంటూ "చూశావా, రోడ్డు ఎంత ఖాళీగా ఉందో" అన్నాడు.

ఈయన తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో పద్నాలుగు గంటలు కూర్చున్నానని ప్రతి పార్టీలో చెప్తాడు. మార్వెల్ సినిమా అయిపోయాక లైట్‌మన్ పేరు పడేదాకా కుర్చీలోంచి కదలడు. ఎనిమిది సెకన్లకి మాత్రం ట్రాఫిక్ గుర్తొచ్చింది.

సరే అది వదిలేయండి. వ్యాన్‌లో ఇంకోటి మొదలైంది. వెనక సీట్లో ఆయన చికెన్ పకోడీ డబ్బా తెరిచి, ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఏమైనా పాపం కదయ్యా, వాటికి ఎక్కడ తాడు కడతారో తెలుసా నీకు?" అన్నాడు. తెలుసు సార్. నడుముకి కడతారు. వెనక కాళ్ల ముందు, పొట్ట చుట్టూ, మెత్తటి నూలు తాడు. గిత్తకి అది ఇబ్బందిగా ఉండి, వదిలించుకోవడానికి వెనక కాళ్లు ఎగరేసి తన్నుతుంది. మీరనుకునే చోట, అంటే బీజాలకి, కడితే అది గెంతదు, కదలకుండా నిలబడిపోతుంది. రైతు బిడ్డనని చెప్పుకునే మనిషికి ఈ మాత్రం తెలియదా? పైగా ఇవి బీజాలు నొక్కించిన సేద్యపు ఎద్దులు కావు, ఆంబోతులు. మంచి గిత్త అని పేరు పడితే దాని దూడల కోసం జనం క్యూ కడతారు. ఆ ఆస్తిని యజమాని తాడేసి పాడుచేసుకుంటాడా? హింస లేదని నేను అనను, దాని మీద వాదించుకోవాలంటే వాదించుకుందాం. కానీ పకోడీ డబ్బా పక్కన పెట్టాక.

అసలు నా బాధ ఏంటంటే, రెండున్నర గంటల్లో వీళ్లలో ఒక్కరూ గిత్తని చూడలేదు. అందరి కళ్లూ పైనున్న మనిషి మీదే. "పడ్డాడు. వీడూ పడ్డాడు. అందరూ పడేవాళ్లేనా?" ఇదే కామెంటరీ. అయ్యా, ఈ ఆటలో స్కోరు వందకైతే యాభై మార్కులు మనిషికి, యాభై గిత్తకి. మనిషి రెండు సెకన్లకే కింద పడి సున్నా తెచ్చుకున్నా గిత్తకి మార్కులు పడతాయి. ఎంత ఎత్తు తన్నింది, ఎంత వేగంగా గిరగిరా తిరిగింది, మధ్యలో దిక్కు మార్చిందా, ముందు కాళ్లు నేలని తాకేటప్పుడు ఎంత దిగింది, ఇవన్నీ చూస్తారు. పశువుకి సగం మార్కులు ఇచ్చే ఆటలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో చెప్పండి. మనుషులకి ఉన్నట్టే వాటికీ ఏటా ప్రపంచ ఛాంపియన్ ఉంటుంది. లిటిల్ ఎల్లో జాకెట్ అని ఒకటి 2002 నుంచి వరసగా మూడేళ్లు గెలిచింది. బుష్‌వాకర్ అని ఇంకోటి ఉండేది. పెద్ద పోటీల్లో వరసగా 42 సార్లు ఎక్కినవాడిని కింద పడేసింది. 2013లో టల్సాలో జే.బీ. మానీ అనే రైడర్ దాని మీద ఎనిమిది సెకన్లు ఆగితే 95.25 ఇచ్చారు. దాన్ని జనం ఇప్పటికీ మన వాళ్లు 83 వరల్డ్ కప్ చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. అదే మానీకి 2023లో ఒక గిత్త పడేస్తే మెడ విరిగి కెరీరే అయిపోయింది. ఏం చేశాడో తెలుసా? ఆ గిత్తనే తెచ్చి తన రాంచ్‌లో పెట్టుకున్నాడు. మెడ విరగ్గొట్టిన దాన్ని! మనమైతే అద్దం మీద గీత పడితే పక్కింటివాడితో మూడేళ్లు మాట్లాడం.

కొత్తగా వెళ్లేవాళ్లు ఉంటే చెప్తున్నా. ఖరీదైనవి కదా అని మరీ కింద వరస సీట్లు కొనకండి, ఇనప కంచె అడ్డం వస్తుంది. కొంచెం పైన, ఛూట్లు, అంటే గిత్తని నిలబెట్టే ఇరుకు గదులు, ఎదురుగా కనపడేలా కూర్చోండి. గేటు తెరవకముందే సగం ఆట ఉంటుంది. తాడుకి పట్టు కోసం రోజిన్ అనే జిగురు రుద్ది వేడెక్కించడం, గిత్త గోడకి ఒరిగి కాలు నొక్కేయడం, మనిషి తల ఊపడం. ఆ తల ఊపితేనే గేటు తీస్తారు. తాడు పట్టుకునేది ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి గిత్తకి గానీ, తన ఒంటికి గానీ తగిలిందా, ఎనిమిది సెకన్లు ఆగినా సున్నానే. తాడు పట్టిన చేతి వైపు గిత్త తిరిగితే కాస్త నయం, అటుపక్కకి తిరిగితే నరకం. తిరిగే సుడి లోపలి వైపు జారిపోతే దాన్ని వాళ్లు బావి అంటారు. బావిలో పడ్డవాడు పైకి రావడం కష్టం. ఎంత సరైన మాట చూడండి.

చిన్నపిల్లలుంటే చెవుల్లో పెట్టుకునేవి తీసుకెళ్లండి. మొదట్లో లైట్లు ఆర్పి మంటలు, బాంబులు పేలుస్తారు, చంటిది హడలిపోతుంది. ఆ తర్వాత ప్రార్థన, జాతీయ గీతం. అప్పుడు టోపీ తీయాలి. మా సారు స్టాక్‌యార్డ్స్‌లో, అంటే ఇక్కడి పాత పశువుల సంత పేటలో, కొన్న కొత్త టోపీ వెనకా ముందూ తెలియకుండా పెట్టుకుని, గీతం అయ్యేదాకా తీయలేదు. సెల్ఫీ కూడా దిగాడు. ఆ టోపీ వెనక ముసలాయనకి రాత్రంతా అడ్డం.

ఇంకో మాట. ప్రాణాలతో చెలగాటం, పిచ్చి అని కొట్టిపారేసే వాళ్లకి. 1989లో వయోమింగ్‌లోని షయెన్‌లో లేన్ ఫ్రాస్ట్ అనే రైడర్ ఎనిమిది సెకన్లు పూర్తిచేసి దిగాడు. దిగాక గిత్త వెనక నుంచి కుమ్మింది. పాతికేళ్లకే పోయాడు. ఆ రోజు అక్కడే ఉన్న అతని స్నేహితుడు కోడీ లాంబర్ట్ ఛాతీకి కవచం తయారుచేశాడు. ఇవాళ ప్రతివాడూ వేసుకునేది అదే. 1992లో ఇరవై మంది రైడర్లు తలా వెయ్యి డాలర్లు వేసుకుని, ఈ పోటీలు నడిపే పీబీఆర్ (ప్రొఫెషనల్ బుల్ రైడర్స్) పెట్టారు. మనవాళ్లు తలా వెయ్యి డాలర్లు వేసుకుంటే ఏం పెడతారో నేను చెప్పను, ఇక్కడి తెలుగు సంఘం చీలిపోయి రెండు ఉగాదులు జరుగుతున్నాయి కదా.

అసలు మనకి చెప్పాల్సిన విషయం ఇదీ. ఈ గిత్తల మూపురం చూశారా ఎవరైనా? ఆ మూపురం ఎక్కడిదనుకుంటున్నారు? అమెరికా బ్రాహ్మణ్ జాతిని మన దేశం గొడ్లతోనే తయారుచేశారు, అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. బ్రెజిల్‌లో మేసే మందల్లో ఎక్కువ నెలోర్ జాతే. నెలోర్ అంటే నెల్లూరు, అంటే ఒంగోలు జాతి. ఆ బ్రెజిల్ నుంచే వచ్చి అడ్రియానో మొరాయిస్ మూడుసార్లు ఇక్కడ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మన గొడ్ల మధ్య పెరిగినవాళ్లు మన రక్తం కలిసిన గిత్తలెక్కి మిలియన్ డాలర్లు పట్టుకెళ్తుంటే, ఒంగోలు పక్క ఊరి నుంచి వచ్చిన మా సారు "ఇదేం పల్లెటూరి ఆట" అన్నాడు.

పల్లెటూరి ఆట. ఈ మాట నేను మొదటిసారి వినడం కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న ఎడ్ల జతని బండలాగుడు పందేనికి తిరనాళ్లకి తోలుకెళ్లాడు. నాలుగు పళ్ల విభాగం. బండలాగుడు అంటే తెలియనివాళ్లకి చెప్తున్నా, పళ్లని బట్టి విభాగాలు చేస్తారు, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత. మా జత ఊదేసింది. ఆఖర్లో బండ ఆగినచోట టేపు పెట్టారు. టేపు పట్టినవాడు బండ ముందు అంచుకి పెట్టాల్సింది వెనక అంచుకి పెట్టాడు. నేను చూశా, నా పక్కనే. ఏడు అంగుళాల తేడాతో రెండో బహుమతి అని మైకులో చెప్పారు. ఆ బండ వెడల్పే అడుగున్నర ఉంటుంది! నాన్న కమిటీ వాళ్ల దగ్గరికి వెళ్లబోతే మా పెదనాన్న చెయ్యి పట్టుకుని, "పోనీలేరా, తిరనాళ్లలో గొడవెందుకు, చీకటి పడుతోంది, ట్రాక్టరు బయల్దేరుతోంది" అని లాక్కొచ్చాడు. నాన్న తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. దారంతా ఒక్క మాట లేదు. మరుసటేడు ఆ జతని అమ్మేశాడు. కొన్నాయన అదే తిరనాళ్లలో మొదటి బహుమతి కొట్టి, మాకే ఫోన్ చేసి చెప్పాడు.

ఇక్కడ ఛూట్ల దగ్గర ఒక బటన్ ఉంటుంది. జడ్జి తప్పు చెప్పాడనిపిస్తే రైడర్ పరిగెత్తుకెళ్లి దాన్ని కొడతాడు. వీడియో మళ్లీ చూస్తారు. రైడర్‌ది తప్పయితే డబ్బు కడతాడు, కరెక్టయితే మార్కులు వస్తాయి. ఇవాళ ఒక కుర్రాడు కొట్టాడు, గెలిచాడు. జనం అరుస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా సారు నా వైపు చూసి "దుమ్ము ఎక్కువగా ఉంది కదా" అన్నాడు.

ఇంటికి రాగానే గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "వండర్‌ఫుల్ ఈవెనింగ్. నెక్స్ట్ టైమ్ ఏదైనా ఫ్యామిలీ ప్రోగ్రాం ప్లాన్ చేద్దాం." టికెట్ డబ్బులు ఇంకా పంపలేదు.

ఇందాక నాన్నకి ఫోన్ చేశా, అక్కడ పొద్దున పదకొండు. అంతా చెప్పా. ఆఖరి గిత్త ఏ రంగు అని అడిగాడు. నల్లది నాన్నా, నుదుటి మీద తెల్ల మచ్చ అన్నా. మూపురం ఉందా? ఉంది. ఎట్లా దూకింది? చూళ్లేదు నాన్నా, ట్రాఫిక్ అవుతుందని ముందే లేచొచ్చాం అన్నా.

కాసేపు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

"మీ పెదనాన్న కూడా వచ్చాడేంట్రా మీతో?" అన్నాడు.