కెనడా బడి సమాధులు: రాడార్ కన్నా ముందు రిజిస్టర్లు తెరవాలి

2021 మేలో కామ్‌లూప్స్ పట్టణంలోని పాత రెసిడెన్షియల్ స్కూలు (ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన, చర్చిలు నడిపిన బడి) ఆవరణలో 215 సమాధుల ఆనవాళ్లు దొరికాయన్న వార్త కెనడాను కుదిపేసింది. జూలైకల్లా ఆ లెక్కను 200కు సవరించారు. గతంలో పురావస్తు తవ్వకాలు జరిగిన చోటును లెక్కలోంచి తీసేయడమే కారణం. అయినా నేటికీ చాలాచోట్ల ఇలాంటి సమాధులు వెతికే ప్రాజెక్టు అనగానే ముందు రాడార్ కాంట్రాక్టరునే పిలుస్తున్నారు. డబ్బు, నమ్మకం రెండూ పోయేది అక్కడే.

నేలలోకి సంకేతాలు పంపి చూసే ఈ గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ ఎముకలను చూపదు, కదిలిన మట్టిని మాత్రమే చూపుతుంది. చెట్ల వేళ్లు, బండరాళ్లు, పాత పైపులు తెరమీద సమాధుల్లాగే కనిపించవచ్చు. తడి బంకమట్టిలో సంకేతం లోతుకు వెళ్లదు. పిల్లల సమాధి చిన్నది కాబట్టి స్కాన్ గీతల మధ్య దూరం 25 నుంచి 50 సెంటీమీటర్లు ఉండాలి. మీటరు వదిలితే సందులో తప్పిపోతుంది. 2023లో మానిటోబాలోని పైన్ క్రీక్‌లో చర్చి నేలమాళిగలో రాడార్ చూపిన 14 చోట్లా తవ్వితే మానవ అవశేషాలేవీ దొరకలేదు. అంతమాత్రాన ఆ బడిలో పిల్లలు చనిపోలేదని కాదు. వెతికిన చోటు అది కాదు, అంతే.

ఎక్కడ వెతకాలో చెప్పాల్సింది ముందు అక్కడ చదివిన పెద్దలు, తర్వాత కాగితాలు. బడుల హాజరు నివేదికలు, చర్చి రిజిస్టర్లు, క్షయ ఆసుపత్రుల రికార్డులు, ప్రావిన్సుల మరణ ధ్రువపత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి. అసలు చిక్కు పేర్లతోనే. బడిలో పిల్లల పేర్లు మార్చేశారు, చాలాచోట్ల నంబర్లిచ్చారు. ఒకే బాలుడు మూడు స్పెల్లింగులతో ముగ్గురవుతాడు. తండ్రి పేరు, ఊరు, చేర్పించిన తేదీ కలిపి చూడందే జాబితా నిలవదు. ఈ బడుల చరిత్రను విచారించిన సత్యశోధన కమిషన్ లెక్క ప్రకారం నమోదైన మరణాల్లో దాదాపు మూడోవంతు పేరే లేనివి, సగానికి కారణం రాయలేదు.

ఈ పనికి గడువూ ఉంది. ఈ బడుల్లో జరిగిన వేధింపులకు పరిహారం కోసం సుమారు 38,000 మంది ఇచ్చిన గోప్య వాంగ్మూలాలను, దరఖాస్తుదారు భద్రపరచమని కోరితే తప్ప, 2027 సెప్టెంబర్ 19 తర్వాత నాశనం చేయాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ప్రాజెక్టు సిబ్బంది మొదటి నెలల్లోనే ఇంటింటికీ వెళ్లి, భద్రపరచమని కోరే ఫారం సంగతి చెప్పాలి. ఒత్తిడి చేయకూడదు. కౌన్సెలర్ పక్కన లేకుండా ఆ మాట ఎత్తనే కూడదు.

నిధుల తీరు మరో తలనొప్పి. అక్కడా ఆర్థిక సంవత్సరం మార్చి 31తోనే ముగుస్తుంది. నేల గడ్డకట్టే దేశంలో క్షేత్రపని మే నుంచి అక్టోబర్ దాకానే. మంజూరు జూలైలో వస్తే ఆ ఏడాది సగం పోయినట్టే. 2024లో కేంద్రం ఒక్కో ఆదివాసీ సముదాయానికి ఇచ్చే నిధులపై ఏటా 30 లక్షల డాలర్ల దాకా ఉన్న పరిమితిని 5 లక్షలకు కుదించి, నిరసనలతో కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. కానీ రికార్డులు చదవడం నేర్చిన గుమాస్తాను నిధులు ఖాయమయ్యేదాకా జీతం లేకుండా ఎవరు కూర్చోబెడతారు?

తవ్వాలా వద్దా అన్నది ఆఖరి ప్రశ్న. ఒక్క బడికే ఎన్నో సముదాయాల పిల్లలు వచ్చేవారు కనుక, స్థానిక మండలి ఒక్కటే తీర్మానం చేస్తే చాలదు. ఆ జాబితాలోని ప్రతి ఊరినీ అడగాలి. జాబితా లేకపోతే ఎవరిని అడగాలో కూడా తెలియదు.