నాలుగో నంబరు పెట్టె

విజయనగరంలో గంటస్తంభం దగ్గర పని చూసుకుని టిఫిన్‌కని ఒక హోటల్లోకి వెళ్ళాను. పేరు చెప్పను. చెప్పినా మీరు మానరు, నేనూ మానను. చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే వంటగది గుమ్మం పక్కన నల్లటి ప్లాస్టిక్ పెట్టె కనిపించింది. దాని మీద పసుపు స్టిక్కరు: ‘ఎలుకల నియంత్రణ, పెట్టె నం. 4’. ఆ పెట్టె మీద, సరిగ్గా 4 అంకె మీదకి తోక వేలాడేసి, ఒక ఎలుక కూర్చుని వడ ముక్క తింటోంది.

తన సీట్లో వేళకి కూర్చున్న అధికారిని ఈ జిల్లాలో చూడటం నాకదే మొదటిసారి.

సర్వరు చప్పట్లు కొట్టాడు. అది రెండడుగులు జరిగి, చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టి, సన్మాన సభలో ముఖ్య అతిథిలా మళ్ళీ వచ్చి కూర్చుంది. “రోజూ వత్తాదండి, ఏటీ సెయ్యదు” అన్నాడు సర్వరు.

ఏమీ చెయ్యదట! రోజుకి 40 దాకా పెంటికలు వేస్తుంది. నడిచిన మేరా మూత్రం చుక్కలు చల్లుకుంటూ పోతుంది. ఆ మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం ముదిరితే కిడ్నీల దాకా పోతుంది. అంతకు మించి పాపం ఏమీ చెయ్యదు.

వంగి పెట్టెని చూశాను. ఎలుక దూరడానికి దానికి రెండు కన్నాలున్నాయి. ఒకదానికి ఆవకాయ జాడీ అడ్డం, రెండోదానికి గోడ అడ్డం. చావాలని ఎలుకకి ఎంత కోరికగా ఉన్నా లోపలికి దారి లేదు.

కౌంటర్లో అడిగితే యజమాని నొచ్చుకున్నాడు. వెనక గోడ మీద 14 అంకెల ఆహార లైసెన్సు ఫ్రేము కట్టించి ఉంది. దానికి దండ వేశారు. పటానికి దండ ఎప్పుడు వేస్తారో మీకు తెలుసు కదా. తర్వాత రిజిస్టరు తీశాడు. తేదీ, సంతకం, ‘ఎలుకలు: లేవు’. అన్నీ ఒకే పెన్ను, ఒకే రాత. ఆ రోజు సెప్టెంబరు 12. రిజిస్టరు మాత్రం నెలాఖరు దాకా నిండిపోయింది. ఆఖరి వరసలో సెప్టెంబరు 31, ఎలుకలు లేవు. ఈ ఒక్కటీ నేను నమ్ముతాను. ఆ రోజున విజయనగరంలో ఒక్క ఎలుక కూడా కనపడదు. ఎలుకకి పిల్లి సాక్ష్యం అంటారు గానీ, ఇక్కడ పిల్లికి ఆ శ్రమ కూడా ఇవ్వలేదు.

“చవితి నెలండి బాబూ, వినాయకుడి వాహనం. ఎలగ తరిమేత్తాం?” అన్నాడాయన. దున్నపోతు యముడి వాహనం. దాన్నీ గ్రైండరు పక్కన కట్టేసుకుంటారా?

అసలు సంగతి సింకు కింద ఉంది. పైపు గోడలోంచి బయటికి పోయేచోట చుట్టూ బొటనవేలు పట్టేంత సందు. అందులో పాత బనీను కుక్కారు, అది సగం కొరికేసి ఉంది. ఎలుక ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, కొరక్కపోతే దానికి గడవదు. అర అంగుళం సందు దానికి సింహద్వారం. చిట్టెలుకకైతే పెన్సిలు పట్టే కన్నం చాలు. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, మీద రెండు తాపీల సిమెంటు పూస్తే పూటలో అయిపోయే పని. రవ్వ బస్తాలు గోడకి ఆనించకుండా చెక్కబల్ల ఎక్కించి, రాత్రి మిగిలిన చట్నీకి మూత పెట్టి, చెత్త బయటపడేస్తే ఎలుకకి అక్కడ ఇంకేం పని? కానీ సిమెంటుకి స్టిక్కరుండదు, నంబరుండదు, ఎవరైనా వస్తే చూపించుకోడానికి ఉండదు.

బదులుగా ఈయన రవ్వ బస్తా పక్కనే మందు బిళ్ళలు పెట్టించాడు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు తిరిగి చెయ్యి అందని చోట చస్తుంది. ఇక్కడ సీలింగు పైన చచ్చింది. కింద వారం రోజులు అగరొత్తులు. తినేవాళ్ళు ఎంత భక్తో అనుకున్నారట.

దాన్ని ఎక్కి తీసినవాడు టేబుళ్ళు తుడిచే కుర్రాడు. బొబ్బిలి వైపు ఊరు. గ్లవ్స్ లేవు, చేతికి పాలిథిన్ కవరు తొడుక్కున్నాడు, అది చిరిగింది. సబ్బు కౌంటర్లో ఉంటుంది, అడిగి తీసుకోవాలట. ఒక కస్టమరు ఎలుకని చూసి గొడవ చేస్తే ఆ రోజు వంద రూపాయలు కోసింది ఈ కుర్రాడి కూలిలోనే! కన్నం మూయించనిదెవరు? జాడీ అడ్డం పెట్టించిందెవరు? ఎలుక కొరికిన మూట పిండిని, నూనెలో వేగితే అన్నీ పోతాయని సాయంత్రం బజ్జీలకి పంపేదెవరు? సిగ్గు లేదా మనిషికి? శుభ్రం లేకుండా వండితే లక్ష రూపాయల దాకా జరిమానా అని 2006 ఆహార భద్రత చట్టంలో 56వ సెక్షన్ ఉంది. ఇక్కడ కట్టేది మాత్రం చేతిలో తుడుపుగుడ్డ ఉన్నవాడు. యజమానికి ఒంటిగంటకి ఇంటి నుంచి కేరేజీ వస్తుంది. నాలుగు గిన్నెల కేరేజీ.

మొన్న మళ్ళీ వెళ్ళాను. అయిదో నంబరు పెట్టె వచ్చింది. కన్నంలో బనీను కూడా మారింది. ఎవరిదని అడిగితే, పని మానేసిన కుర్రాడు వదిలేసి వెళ్ళిందట.