మినిట్స్ చదివి వినిపించే దాకా కుర్చీలోంచి లేవొద్దు

వార్డు సమావేశమైనా, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అయినా విశాఖలో అధికారుల దగ్గర వినిపించే మాటలు నాలుగే: నోట్ చేసుకున్నాం, పరిశీలిస్తాం, పైకి పంపిస్తాం, అది మా పరిధి కాదు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏ (మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), పోర్టు, రైల్వే పక్కపక్కనే ఉన్న ఊరు కాబట్టి ఆ నాలుగోది ఇక్కడ ఇట్టే చెల్లిపోతుంది.

అసలు బేరం మాత్రం హాల్లో జరగదు. గట్టిగా నిలదీసిన సభ్యుడిని టీ టైములో పక్కకి పిలిచి "మీ వీధి కాలవ పని నేను చూసుకుంటానండీ" అంటారు, ఆయన చల్లబడతాడు, కాలనీ మొత్తం కోసం అడిగిన డ్రైనేజీ అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఆఫీసులో మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో చెప్పే రికార్డు, రాసేటప్పుడు "సభ్యులు పలు సూచనలు చేశారు" అని ఒక్క లైను పడుతుంది. ఏ సూచన, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు, ఏ తేదీలోగా చేస్తారు, ఏదీ ఉండదు! రేపు ఎవరినైనా అడగాలంటే చేతిలో కాగితమే లేదు.

దీనికి మందు ఇప్పటికే చట్టంలో ఉంది. పరిశ్రమల పర్యావరణ అనుమతులపై 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణను వీడియో తీయాలి, చివర్లో సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి, అదే రోజు కలెక్టరో ఆయన ప్రతినిధో సంతకం పెట్టాలి. ఫ్యాక్టరీకి పెట్టిన ఈ పద్ధతి వార్డు కమిటీకి ఎందుకు వద్దు? సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 అయితే, సలహా కమిటీల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉన్నాయో లేదో ఎవరూ అడక్కుండానే ప్రకటించమంటోంది.

నిధులపై అక్కడికక్కడే మాటిచ్చే అధికారం తమకు లేదని, వచ్చేవాళ్లు సొంత పనులే అడుగుతారని అధికారులు అంటారు. నిజమే. అయితే ఆ అధికారం ఎవరికుందో ఆ హోదా పేరుతో సహా మినిట్స్‌లో రాయండి.

ఈ అలవాటు ఊరికే రాలేదు. 2007లో ఎన్నికైన జీవీఎంసీ కౌన్సిల్ గడువు 2012లో తీరితే మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. తొమ్మిదేళ్లు ఇంత పెద్ద నగరం కార్పొరేటర్ లేకుండా, ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచింది. ప్రశ్న వినాల్సిన అవసరమే లేకుండా పని చేసిన యంత్రాంగం, ఇవాళ జనాన్ని పిలిచి కూర్చోబెట్టినా పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాల్సిందేనని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది, కాబట్టి ఇందులో ఎవరి దయా లేదు.

వచ్చే సమావేశానికి వెళ్లేవాళ్లు ఇంకేమీ అడగకపోయినా పర్వాలేదు, మినిట్స్ తెలుగులో చదివి వినిపించమనండి, సంతకం పడ్డాక ఫోన్లో ఫొటో తీసుకోండి.