ఎంఎల్‌టీ అంటే బటన్ నొక్కే పని అంట!

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతా ఉంది. ముందు మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న పలమనేరు నుంచి మా అత్త పంపించి "ఏం పాపా, ఇది నిజమేనా, మా చిన్నదాన్ని ఇందులోనే చేర్పిద్దాం అనుకుంటా ఉన్నామే" అని అడిగింది. మెసేజ్‌లో ఉండేది ఇంతే: బీఎస్సీ ఎంఎల్‌టీలో (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, అంటే రక్తం, మూత్రం టెస్టులు చేసే చదువు) చేర్పించి పిల్లల జీవితం పాడు చేయకండి, అది నీట్ రానోళ్ళ కోర్సు, టెస్టులన్నీ మిషన్లే చేస్తాయి మీ పిల్లలు బటన్ నొక్కుతారు, అదే పని ఆరు నెలల సర్టిఫికెట్‌తో చేయొచ్చు, రక్తంతో పని కాబట్టి రోగాలొస్తాయి, ఆడపిల్లలకి సంబంధాలు రావు, ఫారిన్‌లో విలువ లేదు, జీతాలు రావు. చివర్లో పది మందికి పంపండి అని.

నేను ఈ కోర్సే చదివి తిరుపతిలోనే ల్యాబులో పనిచేస్తా ఉన్నా. ఇన్ని రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నా, ఇంక నా వల్ల కాదు.

నీట్ రానోళ్ళు చేరతారు అంట. కొంతమంది అట్లానే చేరతారు, అయితే ఏంది? సీటు రాని బైపీసీ పిల్లలంతా చదువు మానేసి ఇంట్లో కూర్చోవాలా? వదిలేద్దాం.

మిషన్లే చేస్తాయి అనేది కొంచెం వివరంగా చెప్పాలి. డెంగ్యూ సీజన్‌లో మన రుయా ఆసుపత్రిలో గానీ స్విమ్స్ ఆసుపత్రిలో గానీ ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎంతమంది నిలబడతారో తిరుపతిలో ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కొంతమంది రక్తం పర్పుల్ ట్యూబులో గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే మందు తగిలితే చాలు ప్లేట్‌లెట్లన్నీ గుంపులు గుంపులుగా అతుక్కుంటాయి, మిషన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు, కాబట్టి లక్షన్నర ఉన్న మనిషికి ముప్పై వేలు అని చూపిస్తుంది. పేషెంట్ వెంట వచ్చినోళ్ళు ఏడుస్తా డోనర్ల కోసం పరిగెత్తుతారు. అప్పుడు స్లైడ్ తీసి, స్టెయిన్ చేసి, మైక్రోస్కోప్ కింద చూసి, ఇవి గుంపు కట్టినాయి, ఈడీటీఏ బదులు సిట్రేట్ ఉండే ట్యూబులో మళ్ళీ శాంపిల్ తీయండి అని చెప్పేది ఎవరు? దీనికి రివర్స్ కూడా ఉంది, ఎర్ర కణాలు బాగా చిన్నవైపోయి ముక్కలైన వాళ్ళకి ఆ ముక్కల్నే ప్లేట్‌లెట్లు అనుకుని మిషన్ ఎక్కువ చూపిస్తుంది, అది ఇంకా డేంజర్, ఎందుకంటే అంతా బాగుందనుకుని ఇంటికి పంపించేస్తారు. ఇవి కాక రోజూ పొద్దున పేషెంట్ శాంపిల్ పెట్టకముందే కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన శాంపిల్స్) రన్ చేయాల, వాటి రిజల్ట్స్ రోజూ గీసే ఎల్‌జే చార్ట్‌లో పాయింట్లు ఎటు పోతా ఉన్నాయో చూడాల, వరసగా పది పాయింట్లు మీన్‌కి (సగటుకి) ఒకే పక్కన పడితే మిషన్ మెల్లగా జరిగిపోతా ఉందని పట్టుకోవాల. మిషన్ తప్పు చెప్పేటప్పుడు కూడా అంతే నమ్మకంగా నంబర్ ఇస్తుందండీ.

ఇంక ఆరు నెలల సర్టిఫికెట్ మాట. మెసేజ్ మొత్తంలో మనుషుల ప్రాణాలు తీసే మాట ఇదొక్కటే, దాన్నే సలహా లాగా రాసినారు.

2021లో పార్లమెంటు అలైడ్ హెల్త్‌కేర్ చట్టం చేసింది, మెడికల్ ల్యాబ్ కూడా అందులోనే ఉంది. అలైడ్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే తక్కువలో తక్కువ 2000 గంటలు, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ చదువు ఉండాల. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటే 3600 గంటలు, మూడేళ్ళకి తగ్గకూడదు. ఆరు నెలలు ఇందులో ఎక్కడ పడతాయో ఆ మెసేజ్ రాసినాయన వచ్చి చూపించమనండి.

చట్టం పక్కన పెట్టండి, పని చూడండి. సీరం ట్యూబులో (ఈడీటీఏ ఉండనిది) రక్తం తక్కువైంది, పర్పుల్ ట్యూబులో కొంచెం మిగిలింది, రెండూ రక్తమే కదా అని పర్పుల్ దాంట్లోంచి సీరం దాంట్లోకి పోసేస్తారు. పర్పుల్ ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. రిపోర్టులో పొటాషియం ఆకాశానికి పోతుంది, కాల్షియం పాతాళానికి పోతుంది, అది చూసి డాక్టరు గుండె ఆగిపోతుందేమో అని లేని జబ్బుకి మందు మొదలుపెడతారు. పల్లెలో క్యాంపు పెట్టి తెల్లారి తీసిన షుగర్ శాంపిల్‌ని షుగర్ తగ్గిపోకుండా కాపాడే ఫ్లోరైడ్ లేని ట్యూబులో వేసుకుని మే నెల ఎండలో మధ్యాహ్నానికి ల్యాబుకి తెస్తారు, గంట గంటకీ రక్త కణాలే ఆ షుగర్‌ని తినేస్తా ఉంటాయి, అంటే షుగర్ ఉన్న మనిషికి లేదని కాగితం ఇస్తాం. ఎంత మోసం అది!

బ్లడ్ బ్యాంక్ అయితే ఇంకా భయం. 1952లో బొంబాయిలో మొదట గుర్తించిన బాంబే గ్రూపు అనే అరుదైన రక్తం గ్రూపు గురించి విన్నారా? మామూలుగా కార్డు మీద చుక్క వేసి చూస్తే అచ్చం 'ఓ' (O) గ్రూపు లాగానే కనపడుతుంది. 'ఓ' అనుకుని 'ఓ' రక్తం ఎక్కిస్తే మనిషి చచ్చిపోవచ్చు. పేషెంట్ సీరంని తెలిసిన గ్రూపుల కణాలతో కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్ చేసి, 'ఓ' కణాలతో కూడా గడ్డకడతా ఉంది ఏందిది అని ఆగి, యాంటీ హెచ్ ('ఓ' కణాల మీద ఉండే హెచ్ అనేది ఉందో లేదో చూపించే ద్రవం) వేసి చూడాల అనే ఆలోచన రావాల కదా. ఇంజెక్షన్ సూది పట్టుకోవడం ఆరు నెలల్లో వచ్చేస్తుంది, నేను కాదనను. ఆ ఆగడం రాదు. మీ అమ్మకి రక్తం ఎక్కించాల్సి వస్తే క్రాస్‌మ్యాచ్ (డోనర్ రక్తం పేషెంట్‌కి సరిపడుతుందా అనే టెస్టు) చేసేది ఆరు నెలల సర్టిఫికెట్ ఆయన అయితే మీకు పరవాలేదా? ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసిన ప్రతి ఒక్కరినీ అడుగుతా ఉన్నా, సమాధానం చెప్పండి.

రోగాలొస్తాయి అంట. రిస్క్ ఉంది, దాచేదేం లేదు. హెచ్‌ఐవీ పేషెంట్‌కి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు, 72 గంటల లోపల, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మందులు మొదలుపెడితే అది ఇంకా తగ్గుతుంది. నిజంగా భయపడాల్సింది హెపటైటిస్ బీకి, దానికి మూడు డోసుల టీకా ఉంది, చేరిన మొదటి నెలలోనే మొదలుపెట్టి మూడూ వేయించుకోవాల. సంబంధాలు రావు అనేదానికి నేను జవాబు చెప్పను. 2020లో స్విమ్స్ ల్యాబులో కరోనా టెస్టులు చేసినోళ్ళలో ఆడపిల్లలు లేరా? అప్పుడు అందరూ చప్పట్లు కొట్టినారు.

ఫారిన్ సంగతి, గల్ఫ్‌కి ప్రొమెట్రిక్ పరీక్ష, యూకేకి హెచ్‌సీపీసీ అనే సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్, అమెరికాకి ఏఎస్‌సీపీ సర్టిఫికేషన్ పరీక్ష. డిగ్రీ ఒక్కటే పట్టుకుని పోతే ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, ఇవి తెచ్చుకోవాల, అంతే.

జీతం దగ్గర మాత్రం ఆ మెసేజ్ నిజమే చెప్పింది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు చదివి బయటికొచ్చిన పిల్లకి చాలా ప్రైవేటు ల్యాబులు మొదట్లో ఇచ్చేది చూస్తే కడుపు రగిలిపోతుంది, నైట్ డ్యూటీలు వేరే. నేనూ అట్లానే మొదలుపెట్టినా. కానీ ఎందుకు తక్కువో కూడా చెప్పండి మరి. అదే పనికి ఆరు నెలల సర్టిఫికెట్ వాళ్ళు సగానికి దొరుకుతారని ఓనరుకి తెలుసు. అట్లాంటి సర్టిఫికెట్లు తెచ్చుకోండి అని ఊరంతా చెప్పేది, మళ్ళీ జీతాలు లేవనేది, రెండూ ఒకే మెసేజ్‌లో!

ఇంకొకటి నేనే చెప్తా, అందులో లేదు. కొన్ని కాలేజీల్లో హాస్పిటల్ లేదు, రెండు పాత మైక్రోస్కోపులతో కోర్సు నడిపిస్తా ఉన్నారు, అక్కడ చేరేదానికంటే చేరకపోవడమే మేలు. అత్తకి కూడా ఇదే చెప్పినా, ఫీజు కట్టకముందు కాలేజీకి పోయి సొంత హాస్పిటల్ ఉందా, రోజుకి ఎన్ని శాంపిల్స్ వస్తాయి, ఇంటర్న్‌షిప్‌లో బ్లడ్ బ్యాంక్, మైక్రోబయాలజీ కూడా తిప్పుతారా, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ వస్తుందా అని అడగండి. ఆఫీసులో కాదు, అక్కడ ఫైనలియర్ పిల్లల్ని అడగండి.