సీలింగ్ గారి సముఖానికి

మహారాజశ్రీ సీలింగ్ గారికి,

పిట్స్‌బర్గ్ నుంచి పైరేట్స్ బేస్‌బాల్ జట్టు అభిమాని ఒకడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నాకు కుశలం ఎక్కడిది? 2025లో మా జట్టు 71 మ్యాచ్‌లు గెలిచి 91 ఓడింది. తమరు మాత్రం ఎప్పటిలాగే పైన క్షేమంగా ఉన్నారు. వాన పడినా ఎండ కాసినా తమరికేం, కింద కూర్చున్నది మేం.

ఇక్కడికి రాకముందు మా ఊళ్ళో నాకు తెలిసిన సీలింగులు రెండే. ఒకటి ఫ్యాను తగిలించేది. రెండోది 1973లో వచ్చిన భూపరిమితి చట్టం. ఆ రెండోదాని పేరెత్తితే మా తాతయ్య అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అమెరికా వచ్చి బేస్‌బాల్ మరిగాక మూడో సీలింగ్‌గా తమరి దర్శనమైంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అన్నీ కలిసొస్తే, మోచెయ్యి విరగకపోతే, గురి కుదిరితే, బుద్ధి నిలకడగా ఉంటే ఎంత ఎత్తుకు ఎదుగుతాడో అదే తమరట. ఏదీ కలిసి రాకపోయినా ఎంతకు మించి దిగజారడో అది తమరి తమ్ముడు ఫ్లోర్ అట. తమ్ముడి గురించి ఎవరూ పాటలు కట్టరు, పాపం.

ప్రతి జులైలో డ్రాఫ్ట్ జరుగుతుంది. 30 జట్లు, 20 రౌండ్లు. హైస్కూల్, కాలేజీ పిల్లల్ని వరసగా పిలిచి ఎంచుకుంటారు. ఐపీఎల్ వేలంలో కొన్నవాడు నాలుగు నెలల్లో గ్రౌండ్‌లో కనిపిస్తాడు. ఇక్కడ ఎంచుకున్నవాడు ముందు మైనర్ లీగ్ బస్సెక్కాలి, అంటే అసలు పోటీలు జరిగే మేజర్ లీగ్‌కు కింది మెట్టు. ఏళ్ల తరబడి ఊరూరా తిరగాలి. చాలామంది ఆ బస్సుల్లోనే రిటైరైపోతారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు చూడండి, ఆ సోమలింగం మాకు ఏటా జులైలో పుడతాడు. పుట్టిన మరునిమిషంలోనే వాడికి మహామహుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు రిజర్వు చేస్తాం, లేదా తుస్సు అని తేల్చేస్తాం. మధ్యలో ఆగడం మాకు రాదు.

మా పక్కింటి పెద్దాయన 1979లో పైరేట్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు వీధిలో గెంతినవాడు. మళ్లీ గెంతే అవకాశం ఇంతవరకూ రాలేదు. మే నెల వచ్చిందంటే ఫెన్స్ దగ్గర ఆయనా నేనూ నిలబడి, మేమెన్నడూ చూడని పిల్లల వీడియోలు చూసుకుంటాం. భుజాలు వెడల్పుగా ఉన్నాయంటాడాయన. వాళ్ల నాన్న ఆరడుగుల నాలుగంగుళాలట, ఇంకా ఎదుగుతాడంటాన్నేను. మా అత్తగారు కిటికీలోంచి విని, ఎవరికండీ సంబంధం అని ఒకసారి అడిగింది.

తమరిని కొలవడానికి, కుర్రాళ్లను వెతికిపెట్టే స్కౌట్ల దగ్గర బద్ద కూడా ఉంది. 20 నుంచి 80 దాకా. సున్నా లేదు, వంద లేదు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. బ్యాటు తగలడానికి ఒక మార్కు, దూరం కొట్టడానికి ఒకటి, పరుగుకు, ఫీల్డింగ్‌కు, విసురుకు తలా ఒకటి. ఈ పద్ధతిని బ్రాంచ్ రికీ పుణ్యంగా చెప్పుకుంటారు. ఆయన 1950ల మొదట్లో మా పైరేట్స్‌కే జనరల్ మేనేజర్. ఆయన హయాంలోనే, 1952లో, మేం 112 మ్యాచ్‌లు ఓడాం. కొలతలు మాత్రం పక్కాగా ఉండి ఉంటాయి.

2002లో మొట్టమొదటి పిక్, అంటే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంచుకునే వంతు, మాకే వచ్చింది. ఆ ఏడు మావాళ్లకు తమరు నచ్చలేదు, తమ్ముడు ఫ్లోర్ నచ్చాడు. బాల్ స్టేట్ కాలేజీ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బ్రయాన్ బులింగ్‌టన్‌ని తీసుకున్నారు. భద్రమైన బేరం అన్నమాట. బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచర్ ఖాతాలో కూడా రాస్తారు. మేజర్ లీగ్‌లో అతను గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, ఓడినవి తొమ్మిది. ఆ గెలిచిన ఒక్కటీ కాన్సాస్ సిటీకి. తర్వాత జపాన్ వెళ్లి హిరోషిమాలో చక్కగా రాణించాడు, సంతోషమే. అదే డ్రాఫ్ట్‌లో ఆరో పిక్ జాక్ గ్రెంకీ, ఏడో పిక్ ప్రిన్స్ ఫీల్డర్. ఈ రెండు పేర్లూ పెద్దాయన ఇప్పటికీ నిద్రలో పలవరిస్తాడని వాళ్లావిడ చెప్పింది.

2007లో నాలుగో పిక్. ఊరంతా మాట్ వీటర్స్ అనే కేచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) కావాలంది. అతగాడు అడిగే డబ్బు ఎక్కువని అందరికీ తెలుసు. మావాళ్లు డేనియల్ మాస్కోస్ అనే పిచర్ని తీసుకున్నారు. ఆ పక్క పిక్‌లోనే బాల్టిమోర్ వీటర్స్‌ని పట్టుకుపోయింది. మాస్కోస్ మా జట్టుకు ఒక్క సీజన్లో కనిపించి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇక్కడ ఎవడూ తమ్ముడి మొహం చూడటం లేదు. సీలింగ్, సీలింగ్ అంటూ తమరినే భజన చేస్తున్నాం.

భజన ఫలించిందా అంటే, 2012 కథ వినండి. ఎనిమిదో పిక్‌లో స్టాన్‌ఫర్డ్ పిచర్ మార్క్ అపెల్ దొరికాడు. అంత కిందికి జారుతాడని ఎవరూ అనుకోలేదు. 38 లక్షల డాలర్లు ఇస్తామంటే చాలదని మళ్లీ కాలేజీకి పోయాడు. మేం ఏడ్చాం. మరుసటి ఏడాది హ్యూస్టన్ అతన్ని మొట్టమొదటి పిక్‌గా తీసుకుంది. మళ్లీ ఏడ్చాం. ఆ అపెల్ 2018లో ఆటే మానేసి, తిరిగొచ్చి, మేజర్ లీగ్ మెట్లెక్కేసరికి 2022 అయింది. అప్పటికి మేం నవ్వుకోవాలి కదా? లేదు. అపెల్ పోయినందుకు పరిహారంగా దొరికిన పిక్‌తో ఆస్టిన్ మెడోస్‌ని తీసుకున్నాం. 2018లో అతన్నీ, టైలర్ గ్లాస్నోనీ, ఆపైన మొదటి రౌండ్ పిచర్ షేన్ బాజ్‌నీ కలిపి టాంపా బే చేతిలో పెట్టి క్రిస్ ఆర్చర్‌ని తెచ్చుకున్నాం. ఆర్చర్ సంగతి ఈ ఉత్తరంలో వద్దు. బీపీ మాత్ర వేసుకుని మరోసారి రాస్తాను.

2021 దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ నాకు తాతయ్య కనిపించాడు. ప్రతి పిక్‌కూ లీగ్ ఒక విలువ కడుతుంది. జట్టు పిక్‌లన్నిటి విలువలూ కలిపితే దాని బోనస్ మూట. మూట దాటి మరీ ఖర్చు చేస్తే జరిమానా, ముదిరితే రాబోయే మొదటి రౌండ్ పిక్ గల్లంతు. కాని మూటలో ఎవడికెంత అన్నది జట్టు ఇష్టం. ఆ ఏడు మొట్టమొదటి పిక్ మాదే. షార్ట్‌స్టాప్ అనే చోట ఫీల్డింగ్ చేసే మార్సెలో మేయర్ ఖాయమని ఊరు కోడై కూసింది. మావాళ్లు లూయీవిల్ కాలేజీ కేచర్ హెన్రీ డేవిస్‌ని పిలిచారు. ఆ చోటుకు కట్టిన విలువ 84 లక్షల డాలర్లు, డేవిస్ సంతకం పెట్టింది 65 లక్షలకు. మిగిల్చినది కింది రౌండ్లకు మళ్లించి, కాలేజీకి పోతామని బెట్టు చేస్తున్న హైస్కూల్ పిల్లల్ని ఒప్పించారు. మూడో రౌండ్లో బబ్బా చాండ్లర్ అనే కుర్రాడికి 30 లక్షలు అలాగే అందాయి.

పెద్దాయన ఇది మోసమన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. పొలం కొంత పాలేరు పేరున, కొంత బావమరిది పేరున, కొంత నామకరణం కూడా కాని మనవడి పేరున రాయించి సీలింగ్ ఆఫీసరుకు మజ్జిగ పోసి పంపిన మా తాతయ్య పైరేట్స్ ఆఫీసులో కూర్చుని లెక్కలు రాస్తున్నట్టే అనిపించింది. ఆ మనవణ్ణి నేనే. అందుకే మోసమనలేకపోయాను. డేవిస్ బ్యాటు ఇంతవరకూ నిద్ర లేవలేదు. చాండ్లర్ నిప్పులాంటి బంతులు విసురుతూ 2025లో పైకొచ్చాడు. పాలేరు పేరున రాసిన పొలమే పండింది.

ఇక 2023. మొదటి పిక్ ఎవరిదో తేల్చడానికి లాటరీ పెట్టిన మొదటి ఏడాదే మొట్టమొదటి పిక్ మాకు తగిలింది. లూయిజియానాలోని ఎల్‌ఎస్‌యూ కాలేజీలోనే ఇద్దరు: గంటకు 160 కిలోమీటర్లతో విసిరే పిచర్ పాల్ స్కీన్స్, బ్యాట్స్‌మన్ డిలన్ క్రూస్. నేను క్రూస్ పక్షం. పిచర్ మోచెయ్యి గాజు గ్లాసు లాంటిది, మొదటి పిక్ దాని మీద పెడతారా అని రెండు నెలలు వాదించాను. పెద్దాయన స్కీన్స్ పక్షం. చివరి వారంలో మా మధ్య మాటల్లేవు. ఆయన తన వైపు గడ్డి మాత్రమే కోసుకుని, నా వైపు జానెడు ఎప్పుడూ కోసేది ఆపేశాడు. జులై 9న జట్టు స్కీన్స్‌ని పిలిచింది. 92 లక్షల డాలర్ల బోనస్, అప్పటికి రికార్డు.

అదే రాత్రి మరో పేరు వినబడి మా ఇల్లంతా లేచింది. ఇరవయ్యో పిక్, టొరంటో బ్లూ జేస్, ఫ్లోరిడా హైస్కూల్ షార్ట్‌స్టాప్, పదిహేడేళ్లు, అర్జున్ నిమ్మల. నిమ్మల! బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని మా అత్తగారు కూడా టీవీ ముందుకొచ్చింది. ఎన్నో ర్యాంకు అంది. ఇరవై అన్నాను. ఆల్ ఇండియానా అంది. ఆల్ అమెరికా, పైగా కెనడా కూడా కలిపి అన్నాను. అయితే కంప్యూటర్ సైన్స్ గ్యారంటీగా వచ్చేదే అని నిట్టూర్చింది. ఆ తర్వాతి ఆదివారం పెన్ హిల్స్‌లో వెంకన్న గుళ్ళో పులిహోర తింటూ, ఒక్క ఇన్నింగ్స్ కూడా చూడని నలుగురు ఆ కుర్రాడి సీలింగ్ ఎంతో తేల్చేశారు. తమరు దేశాలు, భాషలు ఎంత సులువుగా దాటతారో ఆ రోజే తెలిసింది.

స్కీన్స్ సంగతికొస్తాను. నా వాదన మంటగలిసింది. 2024లో రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 1.97, ఏకగ్రీవంగా మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. అంటే తమరు మాట నిలబెట్టుకున్నారు. ఇరవై ఏళ్లు మొక్కుకున్నాక దిగొచ్చారు. మరి ఆ ఏడు ఆయన గెలుపోటములు? పది, పది. ఆయన విసురుతుంటే మావాళ్లు పరుగులు తియ్యలేదు. జట్టు డివిజన్లో ఆఖరు. శ్లాబు బ్రహ్మాండంగా పోశారు, గోడలు కట్టడం మరిచారు. స్టాండ్స్‌లో జనం జట్టును అమ్మెయ్యమని యజమాని మీద అరిచారు.

దానికంటే నొప్పి పుట్టించినది ఒక బొమ్మ. స్కీన్స్ తొలి మ్యాచ్ చొక్కా మీది ముక్క పొదిగిన, అభిమానులు సేకరించుకునే బొమ్మ కార్డు ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది దొరికినవారు తెచ్చిస్తే 30 ఏళ్ల సీజన్ టికెట్లు ఇస్తామని పైరేట్స్ ప్రకటించింది. లాస్ ఏంజెలెస్‌లో పదకొండేళ్ల పిల్లాడికి దొరికింది. వద్దన్నారు. వేలంలో 11 లక్షల డాలర్లకు పైగా పలికింది. ముప్పై ఏళ్లు మా ఆట ఊరికే చూడమంటే వద్దన్న ఆ పిల్లాడికి ఫ్యూచర్ ఉంది. స్కౌట్ బద్దతో కొలిస్తే బుద్ధికి 80 వేస్తాను.

తమరి మీద నా ఫిర్యాదు ఇదీ. తమరు దొరకనంతకాలం మాకు పండగ. దొరికాక ఏం చెయ్యాలో తెలియదు. సై యంగ్ వచ్చిన వారానికే పెద్దాయన స్కీన్స్ గురించి మాట్లాడటం మానేశాడు. అతను 2029 సీజన్ దాటితే ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుకైనా పోవచ్చు, న్యూయార్క్ యాంకీస్ పట్టుకుపోతారు అని ఒక్క మాటన్నాడు, అంతే. మళ్లీ ఫోన్ తీశాడు. మా 2025 ఆరో పిక్ సెత్ హెర్నాండెజ్, కాలిఫోర్నియా కరోనా హైస్కూల్ కుడిచేతి పిచర్. హైస్కూల్ కుడిచేతి పిచర్ని మొట్టమొదటి పిక్‌గా తీసుకునే ధైర్యం ఏ జట్టూ ఇంతవరకూ చెయ్యలేదు, అంత ప్రమాదకరమైన జాతి అది. ఛేంజప్ చూడు, వేగం తగ్గించి బోల్తా కొట్టించే బంతి, అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. చూశాను. బంతి బ్యాటు దగ్గరకొచ్చి కూలబడింది. మోచెయ్యి అన్నాను. నోర్ముయ్యి అన్నాడు.

ఇంకో పది నిమిషాలు చూశాక, సీలింగ్ గారూ, నాకూ తమరు కనిపించారు. పెద్దాయన ఈసారి నా వైపు గడ్డి జానెడు కాదు, మూరెడు కోశాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
పైరేట్స్ మ్యాచ్‌లకు డబ్బిచ్చి వెళ్లేవాడు

తా.క. తమ్ముడు ఫ్లోర్‌కు నా నమస్కారాలు చెప్పవద్దు. 2002 నుంచి మాకు మాటల్లేవు.